అమెరికా నల్లజాతి ఉపాధ్యాయ సంఘాలు: జీతాల కేసుల నుంచి విలీనం దాకా

1939లో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ నగర స్కూల్ బోర్డు రెండు జీతాల పట్టికలు నడిపేది. ఒకటి తెల్లవాళ్లకు, రెండోది నల్లవాళ్లకు. హైస్కూలులో పాఠాలు చెప్పే మెల్విన్ ఆల్‌స్టన్‌కు ఏడాదికి 921 డాలర్లు వచ్చేవి. అదే పని చేసే తెల్ల ఉపాధ్యాయుడికి 1,200. రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ ఇద్దరికీ ఒకటే. ఇందులో దాపరికం ఏమీ లేదు. బోర్డు అధికారికంగా ఆమోదించి అమలు చేస్తున్న పట్టికలే అవి.

ఆల్‌స్టన్ కోర్టుకు వెళ్లారు, 1940లో ఫెడరల్ అప్పీలు కోర్టులో గెలిచారు. ఈ కేసు గురించి రాసేవాళ్లు సాధారణంగా లాయరు థర్‌గుడ్ మార్షల్ పేరు, ఆయన పనిచేసిన, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థ పేరు చెప్పి ముగిస్తారు. దావా కాగితాల్లో మాత్రం ఆల్‌స్టన్‌తో పాటు ఇంకో వాది ఉంది: నార్‌ఫోక్ టీచర్స్ అసోసియేషన్, అంటే ఆ ఊరి నల్లజాతి ఉపాధ్యాయుల సంఘం. దక్షిణాది రాష్ట్రాలన్నింటిలో అలాంటి సంఘాలు పనిచేశాయి, కొన్ని తొంభై ఏళ్లు దాటి బతికాయి. ఇప్పుడు వాటిలో ఒక్కటీ ఆ పేరుతో లేదు. అవి ఏం చేశాయో, సరిగ్గా సభ్యులకు అవసరం వచ్చిన వేళకే ఎలా కనుమరుగయ్యాయో కలిపి చూస్తేనే అమెరికా పాఠశాలల చరిత్ర అర్థమవుతుంది.

ఎందుకు పుట్టాయి

అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో బడులు మొదటి నుంచీ రెండుగా చీలి నడిచాయి. 1896లో ప్లెసీ కేసులో సుప్రీం కోర్టు ‘వేరుగా, కానీ సమానంగా’ అనే సూత్రాన్ని ఆమోదించడంతో ఆ చీలికకు రాజ్యాంగ ముద్ర పడింది. తెల్ల ఉపాధ్యాయుల రాష్ట్ర సంఘాలు నల్లవాళ్లను చేర్చుకోలేదు. కాబట్టి వీళ్లు సొంతంగా పెట్టుకున్నారు: కెంటకీలో 1877, జార్జియాలో 1878, అలబామాలో 1882, టెక్సస్‌లో 1884. వర్జీనియా సంఘం 1887లో ‘రీడింగ్ సర్కిల్’గా, అంటే కలిసి చదువుకునే బృందంగా మొదలైంది. ఆ మొదలు ఊరికే జరిగింది కాదు. అప్పట్లో చాలామంది నల్లజాతి ఉపాధ్యాయులకు తామే హైస్కూలు దాటే అవకాశం దొరకలేదు. ముందు తమ చదువు, తర్వాత పిల్లల చదువు, ఆ తర్వాతే జీతం. మొదటి దశాబ్దాల్లో వాళ్ల పని ఇంచుమించు ఆ వరుసలోనే సాగింది.

జాతీయ స్థాయి సంఘం 1904లో నాష్‌విల్‌లో ఏర్పడింది. టస్కీగీ విద్యాసంస్థలో పనిచేసే జె.ఆర్.ఇ. లీ పిలుపునిచ్చారు. 1907లో దాని పేరు ‘నేషనల్ అసోసియేషన్ ఆఫ్ టీచర్స్ ఇన్ కలర్డ్ స్కూల్స్’ అయింది, 1937లో ‘అమెరికన్ టీచర్స్ అసోసియేషన్’ అయింది. మధ్యలో పెట్టుకున్న పేరులో ‘నల్ల ఉపాధ్యాయులు’ అని లేదు, ‘నల్లవాళ్ల బడుల్లోని ఉపాధ్యాయులు’ అని ఉంది. నల్లవాళ్ల కాలేజీల్లో పాఠాలు చెప్పే తెల్లవాళ్లు కూడా చేరాలని అలా పెట్టారు. తెల్ల సంఘాలు మూసిన తలుపును వీళ్లు తమ వైపు నుంచి తెరిచే ఉంచారు.

పైకి చూస్తే ఇవి అమాయకమైన సంఘాలే. ఏడాదికో మహాసభ, ఒక పత్రిక, వక్తృత్వ పోటీలు, కొత్త బోధనా పద్ధతుల మీద ఉపన్యాసాలు. హోటళ్లు గదులు ఇవ్వవు కాబట్టి ప్రతినిధులు ఊళ్లోని నల్లవాళ్ల ఇళ్లలో దిగేవారు, సభలు చర్చిల్లోనో కాలేజీల్లోనో పెట్టేవారు. రాష్ట్ర విద్యాశాఖ పెద్దలైన తెల్లవాళ్లను వేదిక మీదికి పిలిచి మాట్లాడించడం కూడా మామూలే. ఈ మర్యాద చూసి వీటిని భయస్తుల సంఘాలుగా కొట్టిపారేసిన చరిత్రకారులు ఉన్నారు. అది తొందరపాటు అంచనా. ఆ వేదిక మీద జరిగిందొకటి, చందా డబ్బు వెళ్లిన దారి ఇంకొకటి.

చందా వసూలు ఎక్కువగా ప్రిన్సిపాళ్ల చేతి మీదుగా జరిగేది. ఉపాధ్యాయులంతా సభ్యులైన బడిని ‘నూరు శాతం బడి’ అని కెంటకీ సంఘం తన పత్రికలో గౌరవంగా ప్రకటించేది. దీంతో ఒక లాభం, ఒక చిక్కు. లాభమేమిటంటే, కొండ మూలనున్న ఒంటి గది బడి దాకా సంఘం చెయ్యి చేరుతుంది. చిక్కేమిటంటే, ప్రిన్సిపాళ్ల మాటే ఎక్కువ చెల్లుతుంది. సభ్యుల్లో అధికులు ఆడవాళ్లు, నాయకత్వంలో అధికులు మగ ప్రిన్సిపాళ్లు. మేరీలాండ్ సంఘానికి అధ్యక్షురాలైన ఎనోలియా మెక్‌మిలన్ లాంటి వాళ్లు ఆ లెక్కను కొంత మార్చారు. ఆమె తర్వాతి కాలంలో ఎన్‌ఏఏసీపీకే తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

గుర్తింపు లేని బడి, బయటి రాష్ట్రంలో డిగ్రీ

జీతాల కన్నా ముందు ఈ సంఘాలు పట్టుబట్టి సాధించుకున్న ఒక విషయం ఎక్కువమందికి తెలియదు. దక్షిణాదిలో హైస్కూళ్లకూ కాలేజీలకూ గుర్తింపు ఇచ్చే సంస్థ సదరన్ అసోసియేషన్. అది 1930 దాకా నల్లవాళ్ల సంస్థలను పరిశీలించనే లేదు. గుర్తింపు లేని బడిలో చదివిన పిల్లవాడి సర్టిఫికెట్‌కు పెద్ద విశ్వవిద్యాలయాల దగ్గర విలువ ఉండదు. ఉపాధ్యాయ సంఘాలు ఏళ్ల తరబడి ఒత్తిడి చేశాక 1930లో పరిశీలన మొదలైంది. గ్రేడు ఇస్తారు కానీ సభ్యత్వం ఇవ్వరు. అందుకని 1934 నాటికి నల్లజాతి విద్యావేత్తలు తమ కాలేజీలకూ హైస్కూళ్లకూ కలిపి ఇంకో సంస్థ కట్టుకున్నారు.

ఇంకో మెలిక ఉంది. దక్షిణాది రాష్ట్రాలు తమ విశ్వవిద్యాలయాల్లో నల్లవాళ్లను పోస్ట్ గ్రాడ్యుయేట్ చదువుకు రానివ్వవు. కోర్టుల్లో దొరికిపోకుండా ఉండాలని, బయటి రాష్ట్రంలో చదువుకుంటే తేడా ఖర్చు మేమిస్తామన్నాయి. వర్జీనియా 1936లో దీనికి చట్టమే చేసింది. ఫలితం ఆ ప్రభుత్వాలు ఊహించనిది. వందల మంది నల్లజాతి ఉపాధ్యాయులు వేసవి సెలవుల్లో న్యూయార్క్‌లోని కొలంబియా టీచర్స్ కాలేజీ లాంటి చోట్లకు రైలెక్కి వెళ్లి ఎం.ఏ.లు పూర్తి చేశారు. తిరిగొచ్చి సంఘం సమావేశాల్లో తాము నేర్చుకున్నది తోటివాళ్లకు చెప్పారు. 1950ల నాటికి ఎన్నో ఊళ్లలో నల్లజాతి ఉపాధ్యాయుల డిగ్రీలు పక్క బడిలోని తెల్లవాళ్ల డిగ్రీలకు సరితూగాయి, కొన్నిచోట్ల మించాయి. తర్వాత వాళ్లను తీసేసినప్పుడు ‘అర్హత చాలదు’ అన్న మాట ఎంత అబద్ధమో తెలియాలంటే ఇది గుర్తుండాలి.

జీతాల కేసు ఎలా నడిపేవారు

1936లో మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలో విలియం గిబ్స్ అనే తాత్కాలిక ప్రిన్సిపాల్ తరఫున మొదటి దావా పడింది. ఆయన జీతం ఏడాదికి 612 డాలర్లు. 1937లో కౌంటీ రాజీకి వచ్చి జీతాలు సమానం చేయడానికి ఒప్పుకుంది. ఉపాధ్యాయులందరికీ లాభం కలిగింది, గిబ్స్ ఉద్యోగం మాత్రం పోయింది. 1938లో ఫ్లోరిడాలోని బ్రెవర్డ్ కౌంటీలో జాన్ గిల్బర్ట్ వేసిన కేసు ఓడిపోయింది, ఆయన ఉద్యోగమూ పోయింది. ఆ కేసు వెనక నిలబడిన ప్రిన్సిపాల్ హ్యారీ టి. మూర్‌ను 1946లో తీసేశారు. 1951 క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటి కింద బాంబు పేలింది. మూర్ చనిపోయారు, తొమ్మిది రోజులకు ఆయన భార్య హ్యారియట్ కూడా చనిపోయారు.

ఇలాంటి చోట వాది దొరకడమే కష్టం. ఉపాధ్యాయుల కాంట్రాక్టు ఒక్క ఏడాదికే. ఏటా వసంతకాలంలో బోర్డు రెన్యువల్ చేస్తే ఉద్యోగం ఉంటుంది, చేయకపోతే లేదు. కారణం చెప్పక్కర్లేదు. తీసేసిన మరుక్షణం ఆ మనిషి బోర్డు ఉద్యోగి కాదు కాబట్టి, జీతం గురించి దావా వేసే హక్కు కూడా ఆవిరవుతుంది. నార్‌ఫోక్‌లో మొదట కోర్టుకెళ్లిన కెమిస్ట్రీ ఉపాధ్యాయిని ఎలీన్ బ్లాక్ విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. అప్పీలు నడుస్తుండగా 1939లో బోర్డు ఆమె కాంట్రాక్టు రెన్యువల్ చేయలేదు. కేసు అక్కడితో ఆగింది.

వర్జీనియా సంఘం ఈ దెబ్బకు ముందే సిద్ధపడింది. కేసు వల్ల ఉద్యోగం పోతే ఏడాది జీతం తాము ఇస్తామని నిధి కట్టింది. ఎన్‌ఏఏసీపీతో కలిసి ఉమ్మడి కమిటీ పెట్టింది: చట్టం సంగతి వాళ్లది, డబ్బూ మనుషులూ సంఘానివి. బ్లాక్ స్థానంలో ఆల్‌స్టన్ ముందుకొచ్చారు, పక్కన సంఘం కూడా వాదిగా చేరింది. ఒక మనిషిని తీసేసినా కేసు కూలకుండా ఉండడానికి ఇది దోహదం చేస్తుంది.

ఎవరిని వాదిగా పెట్టాలన్నది లెక్క ప్రకారం తేల్చేవారు. డిగ్రీ పక్కాగా ఉండాలి. రాష్ట్ర సర్టిఫికెట్ పై తరగతిది అయ్యుండాలి. అదే సబ్జెక్టు, అదే సర్వీసు ఉన్న తెల్ల ఉపాధ్యాయుడు అదే ఊళ్లో పోల్చడానికి దొరకాలి. ముందు బోర్డుకు వినతిపత్రం ఇవ్వాలి, జవాబు వచ్చేదాకా లేదా తిరస్కరించేదాకా ఆగాలి. ఈ మెట్టు సరిగ్గా ఎక్కకపోతే ‘పాలనాపరమైన దారులన్నీ వాడుకోలేదు’ అని కోర్టు కొట్టేస్తుంది. జార్జియాలో శామ్యూల్ డేవిస్ కింది కోర్టులో గెలిచిన కేసు పైకోర్టులో ఇందుకే పోయింది. మిసిసిపీలో 1948లో గ్లాడిస్ నోయెల్ బేట్స్ వేసిన కేసు కూడా ఆ సాంకేతిక కారణం మీదే వీగిపోయింది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, వాళ్ల ఇల్లు తగలబడింది.

నార్‌ఫోక్ బోర్డు వాదన ఇది: ఆ జీతానికి ఒప్పుకుని సంతకం పెట్టారుగా, ఇంకేం అడుగుతారు? అప్పీలు కోర్టు జడ్జి జాన్ పార్కర్ దీన్ని రెండు ముక్కలు చేశారు. ఈ ఏడాది కాంట్రాక్టుకు సంతకం కట్టుబాటే. అయితే సర్టిఫికెట్ ఉన్న ఉపాధ్యాయుడికి వచ్చే ఏడాది ఉద్యోగం అడిగే హక్కుంది, ఆ ఉద్యోగానికి రంగు చూడకుండా జీతం కట్టించుకునే హక్కూ ఉంది. దక్షిణాదిలోని మిగతా కేసులు నిలబడింది ఈ తర్కం మీదే. సుప్రీం కోర్టు ఆ అక్టోబరులో బోర్డు అప్పీలును వినడానికి నిరాకరించింది. నార్‌ఫోక్‌లో తేడాను విడతలవారీగా 1943 నాటికి చెరిపేయాలని రాజీ కుదిరింది.

పట్టిక మారింది, తేడా మారలేదు

ఓడిన బోర్డులు ఊరుకోలేదు. రంగు పేరు తీసేసి, ‘ప్రతిభ’ పేరు పెట్టాయి. ఫ్లోరిడాలోని టాంపాలో హిల్డా టర్నర్ కేసు నడుస్తుండగా బోర్డు కొత్త పట్టిక తెచ్చింది. అందులో ఉపాధ్యాయుల వ్యక్తిత్వం, బోధనా సామర్థ్యం లాంటి వాటికి రేటింగులిస్తారు, రేటింగు బట్టి జీతం. రేటింగు ఇచ్చేది బోర్డు మనుషులే. 1943లో కోర్టు దాన్ని ఆమోదించింది. ఆర్కన్సాలోని లిటిల్ రాక్‌లో సూజీ మోరిస్ కేసులోనూ ఇదే ఎత్తు వేశారు. ఆమె డన్‌బార్ హైస్కూలులో ఇంగ్లిష్ విభాగాధిపతి. కింది కోర్టులో ఓడి 1945లో అప్పీలులో గెలిచారు. కానీ ఈలోగా ఉద్యోగం పోయింది, తిరిగి 1952లో గానీ రాలేదు.

వీటన్నిటికన్నా గట్టి ఉపాయం సౌత్ కరోలినాది. 1944లో చార్లెస్టన్‌లో వయొలా డువాల్, 1945లో రాష్ట్ర రాజధాని కొలంబియాలో ఆల్బర్ట్ థాంప్సన్ కేసులు గెలవగానే, ఆ రాష్ట్రం 1945లో నేషనల్ టీచర్ ఎగ్జామినేషన్‌ను తప్పనిసరి చేసింది. మార్కుల బట్టి ఏ, బీ, సీ, డీ సర్టిఫికెట్లు, వాటి బట్టి జీతం. బిల్లులో ఎక్కడా జాతి పేరు లేదు. కానీ ఒక వర్గానికి అరకొర బడులు కట్టి, తర్వాత ఇద్దరికీ ఒకే పరీక్ష పెడితే మార్కులు ఎటు మొగ్గుతాయో పెట్టినవాళ్లకు తెలియనిది కాదు. 1949-50లో అదే రాష్ట్రంలోని క్లారెండన్ కౌంటీ ఒక తెల్ల పిల్లవాడి మీద 179 డాలర్లు, ఒక నల్ల పిల్లవాడి మీద 43 డాలర్లు ఖర్చు పెట్టింది. ఆ పరీక్ష వాడకాన్ని 1978లో సుప్రీం కోర్టు కూడా సమర్థించింది. జీతాల పోరాటం పూర్తిగా గెలిచిందని రాసేవాళ్లు ఈ అధ్యాయాన్ని వదిలేస్తుంటారు. వదలకూడదు.

కోర్టు లేకుండా దారి దొరికిన రాష్ట్రం నార్త్ కరోలినా. అక్కడ సంఘం ఒత్తిడి, పొరుగు రాష్ట్రాల తీర్పుల భయం కలిసి శాసనసభే డబ్బు కేటాయించి 1944-45 నాటికి జీతాల తేడా పూడ్చింది.

సంఘం ఒక ముసుగు కూడా

1954లో బడుల్లో జాతి విభజన చెల్లదంటూ సుప్రీం కోర్టు బ్రౌన్ తీర్పు ఇచ్చాక దక్షిణాది ప్రభుత్వాలు ఎన్‌ఏఏసీపీ మీద పడ్డాయి. సౌత్ కరోలినా 1956లో ఆ సంస్థ సభ్యులెవరూ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండకూడదని చట్టం చేసింది. ఉపాధ్యాయిని సెప్టిమా క్లార్క్ సభ్యత్వం వదులుకోనన్నారు. నలభై ఏళ్ల సర్వీసు తర్వాత ఉద్యోగం పోయింది. ఆర్కన్సా 1958లో ఇంకో దారి తొక్కింది: ప్రతి ఉపాధ్యాయుడు గత అయిదేళ్లలో తాను చేరిన, చందా కట్టిన సంస్థలన్నీ రాసివ్వాలి. 25 ఏళ్ల సర్వీసున్న బి.టి. షెల్టన్ రాసివ్వనన్నారు. 1960లో సుప్రీం కోర్టు 5-4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది.

ఇలాంటి వేళల్లో ఉపాధ్యాయ సంఘం విలువ తెలుస్తుంది. సంఘానికి చందా కట్టడం నేరం కాదు. సంఘం ఆ డబ్బులో కొంత కోర్టు ఖర్చులకు ఇస్తే, ఇచ్చింది ఫలానా టీచరమ్మ అని ఏ జాబితాలోనూ ఉండదు. జార్జియా సంఘాన్ని అట్లాంటా ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చార్లెస్ హార్పర్, ఆ తర్వాత 1961 నుంచి హోరెస్ టేట్ ఇలాంటి రెండు ముఖాలతో నడిపారు. బయటికి వృత్తి సంఘం, లోపల పోరాటానికి ఖజానా.

పిల్లల గురించి తీర్పు, టీచర్ల గురించి మౌనం

1953లో, తీర్పు ఇంకా రాకముందే, కాన్సస్‌లోని టొపీకా సూపరింటెండెంట్ నల్లజాతి ఉపాధ్యాయులకు ఉత్తరం రాశారు. విభజన చెల్లదని కోర్టు అంటే, తెల్ల పిల్లలకు నల్ల టీచర్లను పెట్టుకోవడానికి ఊరిలో ఎక్కువమంది ఇష్టపడరన్న అంచనాతో బోర్డు నడుచుకుంటుందని అందులో తెలియజేశారు. రాబోయేదంతా ఆ ఒక్క ఉత్తరంలోనే ఉంది.

బ్రౌన్ తీర్పు, దాని అమలు గురించి 1955లో ఇచ్చిన రెండో తీర్పు పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నదే చెప్పాయి. ఉపాధ్యాయుల సంగతి ఎత్తలేదు. రెండు బడులు కలిసినప్పుడు మూసేసింది దాదాపు ప్రతిచోటా నల్లవాళ్ల బడినే. బడి మూసేస్తే అందులో పోస్టులు ‘రద్దయినట్టు’, తీసేసినట్టు కాదు. కొన్ని రాష్ట్రాలు ఉద్యోగ భద్రత చట్టాలను కూడా సడలించుకున్నాయి. మిస్సోరిలోని మోబర్లీలో 1955లో బడులు కలిపి నల్లజాతి ఉపాధ్యాయులు 11 మందినీ ఇంటికి పంపారు. 1959లో ఫెడరల్ అప్పీలు కోర్టు అది వివక్ష కాదంది. ఒక్కొక్కరినీ పోల్చి చూశామన్న సూపరింటెండెంట్ మాట కోర్టుకు సరిపోయింది.

మొత్తం ఎంతమంది? దక్షిణ, సరిహద్దు రాష్ట్రాలు 17 కలిపి 1954-65 మధ్య సుమారు 38,000 మంది నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారన్నది తరచూ ఉదహరించే అంచనా. ప్రిన్సిపాళ్ల దెబ్బ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: నార్త్ కరోలినాలో 1963లో హైస్కూళ్లలో 227 మంది నల్లజాతి ప్రిన్సిపాళ్లు ఉండేవారు, 1970కి 8 మంది మిగిలారు. చందాలు వసూలు చేసింది, సమావేశాలు నడిపించింది ఆ ప్రిన్సిపాళ్లే. వాళ్లు పోతే సంఘం వెన్నెముక పోయినట్టే.

విలీనం: ఎవరు ఎవరిలో కలిశారు

సరిగ్గా ఆ ఏళ్లలోనే సంఘాల విలీనం నడిచింది. దేశంలో పెద్ద ఉపాధ్యాయ సంస్థ అయిన ఎన్‌ఈఏ దక్షిణాదిలో ఏళ్ల తరబడి తెల్ల సంఘాన్నీ నల్ల సంఘాన్నీ విడివిడిగా అనుబంధంగా ఉంచుకుంది. 1964లో 11 రాష్ట్రాల్లో ఇలా జంట సంఘాలున్నాయి. దాని పోటీ సంస్థ ఏఎఫ్‌టీ 1950ల్లోనే విభజన పాటించే శాఖలను వదులుకుంది, సభ్యులు తగ్గినా లెక్కచేయలేదు. ఎన్‌ఈఏ 1964లో సియాటిల్ సభలో తీర్మానించింది: 1966 జులై 1 కల్లా అనుబంధ సంఘాలు జాతి అడ్డు తీసేయాలి. 1966లో మయామీ బీచ్‌లో అమెరికన్ టీచర్స్ అసోసియేషన్ తానే ఎన్‌ఈఏలో కలిసిపోయింది. రెండేళ్లకు నార్త్ కరోలినా నల్లజాతి సంఘం నుంచి వచ్చిన ఎలిజబెత్ కూన్‌ట్జ్ ఎన్‌ఈఏ అధ్యక్షురాలయ్యారు. జాతీయ స్థాయిలో దీన్ని గెలుపనే చెప్పాలి.

రాష్ట్రాల్లో కథ వేరు. టెక్సస్, ఫ్లోరిడా సంఘాలు 1966లోనే, వర్జీనియా సంఘం 1967లో తెల్ల సంఘాల్లో కలిసిపోయాయి. చాలాచోట్ల ‘తెల్ల సంఘంలో సభ్యత్వం ఇప్పుడు అందరికీ ఉంది, ఇక మీ సంఘం ఎందుకు?’ అన్న తీరులో సాగింది. అలా కలిస్తే పేరు పోతుంది, ఆఫీసు భవనం పోతుంది, కార్యదర్శి ఉద్యోగం పోతుంది, బ్యాంకులో డబ్బు కొత్త పెద్దల చేతికి వెళ్తుంది. కార్యవర్గం ఎన్నికల్లో ఓట్ల లెక్క ఎటూ తెల్లవాళ్ల వైపే. అంతకన్నా పెద్ద నష్టం, ఒక కౌంటీలో నల్ల టీచరును తీసేస్తే మర్నాడే లాయరును పంపగల ఏర్పాటు పోవడం. ఎన్‌ఈఏకు డ్యూషేన్ ఫండ్ అనే న్యాయసహాయ నిధి ఉంది, అది కొన్ని కేసులకు సాయం చేసింది కూడా. కానీ వాషింగ్టన్ ఆఫీసుకు ఆ కౌంటీలో ‘నూరు శాతం బడులు’ లేవు.

ఫెడరల్ కోర్టులు ఆలస్యంగా కదిలాయి. వర్జీనియాలోని గైల్స్ కౌంటీలో బడులు కలిపి ఏడుగురు నల్లజాతి ఉపాధ్యాయులను తీసేస్తే 1966లో అప్పీలు కోర్టు అది చెల్లదంది. 1969 డిసెంబరులో సింగిల్టన్ కేసులో దక్షిణాదిలోని ఫెడరల్ అప్పీలు కోర్టు స్పష్టమైన నియమం పెట్టింది: సిబ్బందిని తగ్గించాల్సి వస్తే రంగుతో సంబంధం లేని, ముందే రాసిపెట్టిన ప్రమాణాల ప్రకారమే తగ్గించాలి. తీసేసినవాళ్లలో అర్హులు ఉండగా ఆ ఖాళీని వేరే జాతి మనిషితో నింపకూడదు. నియమం మంచిదే. కానీ కొత్త నియామకాల్లో నల్లవాళ్లను తీసుకోకపోవడాన్ని, రిటైరైన ప్రిన్సిపాల్ స్థానంలో తెల్లవాళ్లనే పెట్టడాన్ని అది పట్టుకోలేదు. అప్పటికే వేలమంది వెళ్లిపోయారు.

ఆలస్యంగా కలిసిన సంఘాలు మెరుగైన షరతులు రాబట్టాయన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. మిసిసిపీ, లూసియానా తెల్ల సంఘాలు మొండికేస్తే 1970లో ఎన్‌ఈఏ వాటిని బయటికి పంపింది. అక్కడి నల్లజాతి సంఘాలు తొందరపడలేదు, మిసిసిపీ విలీనం 1976లో గానీ జరగలేదు. నార్త్ కరోలినా, జార్జియా 1970లో కొత్త పేర్లతో కలిశాయి, అంటే ఏ పక్షం పేరూ మిగలకుండా. టేట్ జార్జియా ఉమ్మడి సంఘంలో రెండో స్థానంలో మొదలై 1977లో కార్యనిర్వాహక కార్యదర్శి అయ్యారు.

అలబామాలో నల్లజాతి సంఘం కార్యదర్శి జో రీడ్ కలవడానికి ముందే పదవుల సంగతి కాగితం మీద తేల్చుకున్నారు. 1969లో సంఘాలు కలిశాక ఆయన సహ కార్యనిర్వాహక కార్యదర్శిగా చేరి 2011 దాకా ఆ సంఘం ఆఫీసులోనే ఉన్నారు. ఆ నలభై ఏళ్లలో తెల్లవాడైన పాల్ హబర్ట్‌తో కలిసి అలబామా శాసనసభలో ఎవరూ కాదనలేని బలంగా దాన్ని నిలబెట్టారు.